బెంచి మీద రెండో కుర్చీ

2023 మార్చి 30, గురువారం రాత్రి. హ్యూస్టన్ పక్కన కేటీలో మా అపార్ట్‌మెంట్ ముందు ఓ పాత కారు వచ్చి ఆగింది. అందులోంచి ఆరడుగుల నాలుగంగుళాల మనిషి ఒళ్లు విరుచుకుంటూ దిగాడు. వెనక సీట్లో హ్యాంగర్‌కి తగిలించిన సూటు ఒకటి, స్లీపింగ్ బ్యాగు ఒకటి. పద్నాలుగు గంటలు ఒక్కడే డ్రైవ్ చేసుకుంటూ వచ్చాడు. హోటల్ ఖర్చు మిగుల్చుకుందామని మా హాల్లో పడుకోవడానికి.

ఆయన కాలేజీ బాస్కెట్‌బాల్ టీముకి అసిస్టెంట్ కోచ్. మూడు వారాల కిందటి వరకు. ఉద్యోగం పోయింది. విచిత్రం ఏంటంటే, అదే నెల మొదటి వారంలో నాదీ పోయింది. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. లేఆఫ్.

"నీ గడువెంత?" అన్నాడు సోఫాలో కూలబడుతూ.

"60 రోజులు. అందులో 24 అయిపోయాయి." హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకి ఈ లెక్క చెప్పక్కర్లేదు. ఆలోపు ఇంకో కంపెనీ మన పిటిషన్ వెయ్యాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి.

"నాది జూన్ 30. ఆ రోజు వరకు జీతం వస్తుంది. ఆగస్టులో మాకు పాప పుడుతుంది" అన్నాడు.

ఆ రాత్రి ఇద్దరం మిగిలిన పప్పన్నం తిన్నాం. ఆయన ఆవకాయ జోలికి రాలేదు, 2019లోనే ఒకసారి బుద్ధి తెచ్చుకున్నాడు. ఉద్యోగాల్లోకెల్లా నాదే దిక్కులేనిదని ఆ నెలంతా ఏడుస్తున్న నాకు, ఆయన చెప్పిన లెక్కలు విన్నాక నోట మాట రాలేదు. ఆ లెక్కలే మీకు చెబుదామని ఇది రాస్తున్నా.

టవళ్ల గదిలో పరిచయం

2019 ఆగస్టులో ఎమ్మెస్‌కి వెళ్లాను. మిడ్‌వెస్ట్‌లో చిన్న ఊరు, మొక్కజొన్న చేల మధ్య యూనివర్సిటీ. మా రూమ్మేట్ ఒకరోజు, "మామా, అథ్లెటిక్స్ డిపార్ట్‌మెంట్‌లో స్టూడెంట్ జాబ్ ఉందంట, వెళ్తావా?" అన్నాడు. ఎఫ్‌1 వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చెయ్యనిస్తారు. దొరికిందే మహాభాగ్యం అని పరిగెత్తాను.

పనేంటంటే బాస్కెట్‌బాల్ టీము టవళ్లు, జెర్సీలు ఉతికి మడతపెట్టడం.

"ఏం ఉద్యోగం రా?" అని అమ్మ ఫోన్లో అడిగింది. "స్పోర్ట్స్ డిపార్ట్‌మెంట్ అమ్మా" అన్నాను. మా పిన్నివాళ్లకి అది "మావాడు అమెరికాలో స్పోర్ట్స్ ఆఫీసర్" అని చేరింది. ఇంజినీరింగ్ చదివించి బట్టలు ఉతికిస్తున్నానని తెలిస్తే బాధపడుతుందని నేనూ సరిచెయ్యలేదు.

ఉతికే గది పక్కన ఓ చిన్న గది ఉండేది. రాత్రి ఒంటిగంటకి కూడా అందులో లైటు వెలుగుతూనే ఉండేది. లోపల రెండు ల్యాప్‌టాప్‌లు, చల్లారిపోయిన పిజ్జా, ఒక పొడుగు మనిషి. వయసు 24. అందరూ ఆయన్ని 'జీఏ' అనేవాళ్లు. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ అన్నమాట. కాగితం మీద హోదా గ్రాడ్యుయేట్ మేనేజర్. ఫీజు మాఫీ, చేతి ఖర్చులకి కాస్త డబ్బు, టీము తినగా మిగిలిన తిండి. ఆయన స్కాలర్‌షిప్పులు ఇవ్వని చిన్న కాలేజీకి ఆడాడు. ప్రొఫెషనల్‌గా ఆడే స్థాయి తనకు లేదని 20 ఏళ్లకే తెలిసిపోయిందట. ఆట మాత్రం వదలాలనిపించలేదు.

తెల్లారి 6 గంటలకి ఆటగాళ్లు షూటింగ్ ప్రాక్టీస్ చేస్తుంటే బంతులు అందించాలి. మధ్యాహ్నం తన మాస్టర్స్ క్లాసులు. సాయంత్రం ప్రాక్టీస్‌లో ఎదుటి టీము వేషం వెయ్యాలి. రాత్రి ఆట వీడియోలు ముక్కలు ముక్కలుగా కోసి, ఏ ముక్క ఏ ఎత్తుగడో పేరు పెట్టాలి. మధ్యలో ఎయిర్‌పోర్టుకి ఎవరో వస్తే కారు తీసుకెళ్లాలి. టవళ్లు నేను రాని రోజున ఆయనే ఉతికేవాడు.

ఆ క్లిప్పుల పేర్లు ఒక్కోటి చేత్తో మార్చుకుంటుంటే చూడలేక, ఓ శనివారం కూర్చుని పైథాన్‌లో 40 లైన్ల స్క్రిప్ట్ రాసిచ్చాను. రోజుకి గంటన్నర పని మిగిలింది. ఆ గంటన్నర నిద్రపోతానన్నాడు. అలా మొదలైంది మా స్నేహం.

నిచ్చెన ఎలా ఉంటుంది?

అమెరికాలో డివిజన్ 1 అనే పై స్థాయిలో మగవాళ్ల టీములే 350కి పైగా ఉన్నాయి. ప్రతి టీముకీ ఒక్కడే హెడ్ కోచ్. టీవీలో కనిపించేది, కోట్లు సంపాదించేది ఆయనే. పక్కన కుర్చీల్లో కూర్చుని ఆయన చెవిలో ఏదో చెబుతుంటారే, వాళ్లు అసిస్టెంట్లు.

ఆ కుర్చీ దాకా రావడానికి మామూలు దారి ఇది. డిగ్రీలో స్టూడెంట్ మేనేజర్, అంటే నీళ్లు, టవళ్లు, బంతులు. తర్వాత జీఏ. ఆ తర్వాత వీడియో కోఆర్డినేటర్ గానీ, ప్రయాణాలు, హోటళ్లు చూసే ఆపరేషన్స్ డైరెక్టర్ గానీ. ఆ పైన అసిస్టెంట్. అందులోనూ మూడోవాడు, రెండోవాడు, హెడ్ కోచ్‌కి కుడిభుజంగా ఉండే అసోసియేట్.

2023 వరకు ఇందులో ఓ విచిత్రమైన నిబంధన ఉండేది. కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ రూల్ ప్రకారం హెడ్ కోచ్, ముగ్గురు అసిస్టెంట్లు, ఈ నలుగురే కోచింగ్ చెయ్యాలి. వీడియో కోఆర్డినేటర్ పదేళ్ల అనుభవం ఉన్నవాడైనా సరే, కోర్టులో ఆటగాడికి "చెయ్యి కాస్త పైకెత్తు" అని చెప్పకూడదు. ఆట మొత్తం కళ్లముందు విప్పి చూసేవాడే నోరు మూసుకుని ఉండాలన్నమాట.

మరి అసిస్టెంట్ అయ్యాక? మొదటి పని స్కౌటింగ్. సీజన్‌లో ముప్పై దాకా ఆటలుంటాయి. ముగ్గురు అసిస్టెంట్లూ తలా పది పంచుకుంటారు. తన వాటాకొచ్చిన టీము ఆడిన ఐదారు ఆటలు చూసి, ఎవరు ఏ చేతివైపు వెళ్తారు, చివరి రెండు నిమిషాల్లో బంతి ఎవరికిస్తారు, అన్నీ రెండు పేజీల్లో పెట్టాలి. 20 ఏళ్ల కుర్రాళ్లు అంతకన్నా ఎక్కువ చదవరు. ఓడితే ఆ రాత్రి అందరూ చూసేది ఆ స్కౌట్ ఎవరిదా అనే.

రెండో పని రిక్రూటింగ్. అసలు ఉద్యోగం నిలిచేది దీనిమీదే. జూలైలో హైస్కూల్ పిల్లల టోర్నమెంట్ల చుట్టూ తిరగాలి. ఒకే హాల్లో పది కోర్టులు, పక్క వరసలో కుర్చీలు, కాలేజీ లోగో ఉన్న టీషర్టుల్లో కోచ్‌లు. అప్పుడు పిల్లాడితో మాట్లాడ్డానికి రూల్స్ ఒప్పుకోవు. అందుకని నువ్వొచ్చావని వాడికి కనబడేలా కూర్చోవాలి, అంతే. జీఏ ఓసారి నవ్వుతూ, "పెళ్లి చూపులకి వెళ్లి ఏమీ మాట్లాడకుండా లోగో చూపించి రావడం మా పని" అన్నాడు. పోలిక ఆయనదే. మా రూమ్మేట్ పెళ్లి చూపులు వీడియో కాల్లో జరిగినప్పుడు పక్కనే ఉన్నాడు మరి.

ఇప్పుడది ఇంకా కష్టమైంది. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. 2021 నుంచి ఓసారి, 2024 నుంచి ఎన్నిసార్లు కాలేజీ మారినా ఏడాది ఆటకు దూరంగా కూర్చోనక్కర్లేదు. 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద డబ్బు సంపాదించుకోవచ్చు. అది వాళ్లకి న్యాయమే. కానీ రెండేళ్లు వెంటపడి, వాళ్ల నానమ్మతో కూడా ఫోన్లు మాట్లాడి తెచ్చుకున్న కుర్రాడు మార్చిలో ఒక మెసేజ్ పెట్టి వెళ్లిపోతాడు. మళ్లీ మొదటికి.

పన్నెండు వేల డాలర్ల కథ

ఈ కుర్చీకి పెద్దగా విలువ ఇవ్వకూడదని ఒకప్పుడు ఏకంగా రూలే పెట్టారు. 1990ల మొదట్లో ఖర్చులు తగ్గించే పేరుతో ఎన్‌సీఏఏ ఒక అసిస్టెంట్ పోస్టుకి జీతం మీద మూత పెట్టింది. విద్యా సంవత్సరానికి 12,000 డాలర్లు, వేసవిలో ఇంకో 4,000. అంతకన్నా ఒక్క డాలర్ ఎక్కువ ఇవ్వకూడదు. అంతకుముందు దాని మీద బాగా సంపాదిస్తున్నవాళ్లు ఒక్కసారిగా కిందికి పడ్డారు.

కొత్తవాళ్లు పని నేర్చుకునే పోస్టు కదా అని ఎన్‌సీఏఏ వాదన. తీరా చూస్తే ఆ కుర్చీల్లో ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు కోర్టుకెళ్లారు. కేసు పేరు 'లా వర్సెస్ ఎన్‌సీఏఏ'. 'లా' అంటే చట్టం కాదు, ముందు నిలబడిన కోచ్ ఇంటిపేరు. కాలేజీలన్నీ కలిసికట్టుగా జీతం తొక్కిపెట్టడం పోటీ చట్టాలకు విరుద్ధమని 1995లో కోర్టు చెప్పింది. 1998లో పై కోర్టూ అదే అంది. చివరికి 1999లో 5 కోట్ల 45 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

ఇవాళ పెద్ద టీముల్లో అసిస్టెంట్లు ఏడాదికి లక్షల డాలర్లు తీసుకుంటున్నారు. చిన్న కాలేజీల్లో మాత్రం స్కూల్ టీచర్ జీతంతో సరిపెట్టుకునేవాళ్లూ ఉన్నారు. మా జీఏది ఆ రెండో రకం.

ఎవరి ఓటమికి ఎవరి బతుకు

2021లో నా ఎమ్మెస్ అయిపోయింది. జీఏ అక్కడే వీడియో కోఆర్డినేటర్ అయ్యాడు. 2022 వేసవిలో ఆయన్ని మూడో అసిస్టెంట్‌ని చేశారు. ఆ రోజు ఫోన్ చేసి ఏడ్చాడు. పన్నెండేళ్ల వయసులో నోట్‌బుక్‌లో రాసుకున్న ఉద్యోగం అది.

ఒక్క సీజన్. టీము ఎక్కువ ఓడింది. 2023 మార్చిలో హెడ్ కోచ్‌ని తీసేశారు. ఆయనకి కాంట్రాక్టులో మిగిలిన డబ్బు వస్తుంది. అసిస్టెంట్లకి రాదు. కొత్త హెడ్ కోచ్ తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. ఆ సీజన్‌లో జీఏ స్కౌట్ చేసిన పది ఆటల్లో ఆరు గెలిచారట. అయినా ఆ లెక్క ఎవరికీ అక్కర్లేదు. ఈ ఉద్యోగంలో నీ పనితనం ఎంతున్నా, నీ బతుకు ఇంకొకరి గెలుపోటములకి కట్టేసి ఉంటుంది.

ఒత్తిడి మనుషుల్ని ఎక్కడిదాకా తీసుకెళ్తుందో 2017 సెప్టెంబర్‌లో దేశమంతా చూసింది. ఎఫ్‌బీఐ లంచాల కేసులో నాలుగు పెద్ద యూనివర్సిటీల అసిస్టెంట్ కోచ్‌లను అరెస్టు చేసింది. తర్వాత నలుగురూ నేరం ఒప్పుకున్నారు. నేను వాళ్లని సమర్థించను. కానీ ఆ జాబితాలో ఒక్క హెడ్ కోచ్ పేరూ లేకపోవడం జీఏ ఇప్పటికీ గుర్తుచేస్తాడు.

లాబీలో మూడు రోజులు

ఇంతకీ ఆయన హ్యూస్టన్ ఎందుకొచ్చాడు? జాతీయ టోర్నమెంట్‌లో చివరి నాలుగు టీములు ఆడే ఫైనల్ ఫోర్ ఆ ఏడాది అక్కడ జరిగింది. కోచ్‌ల సంఘం ఎన్‌ఏబీసీ ఏటా అదే ఊళ్లో, అదే వారాంతంలో సదస్సు పెట్టుకుంటుంది. పేరుకి సదస్సు. అసలు వ్యవహారమంతా హోటల్ లాబీలో నడుస్తుంది.

శనివారం నేనూ వెళ్లి చూశాను. అచ్చం మన పెళ్లి మండపం. పాతికేళ్లవాళ్లు నుంచి అరవై దాటినవాళ్ల దాకా వందలమంది. ఎవరూ కూర్చోరు. చేతిలో కాఫీ కప్పు, కళ్లు మాత్రం గుమ్మం వైపు. ఉద్యోగం ఇవ్వగల హెడ్ కోచ్ లోపలికొస్తే చుట్టూ గుంపు చేరుతుంది, ఆడపిల్ల తండ్రి చుట్టూ పేరయ్యలు మూగినట్టు.

"రెజ్యూమే తెచ్చావా?" అని అడిగాను.

"ఇక్కడ ఎవరూ రెజ్యూమే అడగరు. నా గురించి ఒక మనిషికి ఫోన్ చేస్తారు. ఆ మనిషి ఏం చెబుతాడన్నదే నా రెజ్యూమే" అన్నాడు.

మూడు వారాల్లో నేను 140 కంపెనీలకి ఆన్‌లైన్లో అప్లై చేశాను. ఆ మాట గుచ్చుకుంది.

ఆ సాయంత్రం పక్కనే ఉన్న బార్లో నిలబడి సెమీఫైనల్ చూశాం. ఫ్లోరిడా అట్లాంటిక్, శాన్ డియాగో స్టేట్. ఫ్లోరిడా అట్లాంటిక్ పేరు అమెరికాలోనే చాలామంది అంతకుముందు విని ఉండరు. 9వ సీడ్‌గా వచ్చి ఇక్కడిదాకా లాక్కొచ్చింది. ఆ బార్లో సగం మంది నిరుద్యోగ అసిస్టెంట్లే. అందరూ ఆ టీము వైపే. కారణం దాని హెడ్ కోచ్ డస్టీ మే.

డస్టీ మే పెద్ద ఆటగాడేం కాదు. ఇండియానా యూనివర్సిటీలో పేరుమోసిన కోచ్ బాబ్ నైట్ దగ్గర స్టూడెంట్ మేనేజర్. మన టవళ్ల బ్యాచ్! 2000లో డిగ్రీ పూర్తిచేశాక యూఎస్‌సీ, మళ్లీ ఇండియానా, చిన్నాచితకా ఆఫీసు, వీడియో పనులు. తర్వాత ఈస్టర్న్ మిషిగన్, మరే స్టేట్, యూఏబీ, లూసియానా టెక్‌లలో అసిస్టెంట్. లూసియానా టెక్‌లో హెడ్ కోచ్ మారినా, కొత్తగా వచ్చిన మైక్ వైట్ ఈయన్ని ఉంచుకున్నాడు. 2015లో ఫ్లోరిడా యూనివర్సిటీకి వెళ్తూ వెంట తీసుకెళ్లాడు. హెడ్ కోచ్ కుర్చీ దక్కింది 2018లో. డిగ్రీ అయిన 18 ఏళ్లకి.

అందరికీ ఊళ్లు తిరిగే రాతే ఉండదు. టామ్ ఇజో 1983లో మిషిగన్ స్టేట్‌లో చిన్న అసిస్టెంట్‌గా చేరి, అక్కడే 1995లో హెడ్ కోచ్ అయ్యాడు. 2000లో జాతీయ టైటిల్ గెలిచాడు. ఆయనకి పన్నెండేళ్ల ఓపిక, తన గురించి మంచిగా చెప్పే పెద్దాయన జడ్ హీత్‌కోట్, రెండూ కలిసొచ్చాయి.

ఆట సంగతికొస్తే, ఫ్లోరిడా అట్లాంటిక్ రెండో సగంలో 14 పాయింట్లు ముందుంది. చివరికి ఒక్క పాయింటే మిగిలింది. గంట మోగుతుండగా శాన్ డియాగో కుర్రాడు లమాంట్ బట్లర్ వేసిన షాట్ లోపల పడింది. 72-71. బార్ అంతా నిశ్శబ్దం.

నేను "అయ్యో" అన్నాను. జీఏ టీవీలో వాళ్ల బెంచి వైపు చూస్తున్నాడు. "ఓడారు. అయినా సోమవారం నుంచి ఆ కుర్చీల్లో వాళ్లందరికీ ఫోన్లు వస్తాయి. మేం పోయిన ఏడాది ఇంకో ఆరు ఆటలు గెలిచి ఉంటే నాకూ వచ్చేవి" అన్నాడు. ఆ మాటలో కుళ్లు లేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడంతే.

ఆదివారం పొద్దున ఆయన భార్య ఫోన్ చేసింది. ఆవిడ నర్సు. ఏ రాష్ట్రానికి వెళ్లినా తనకి ఉద్యోగం దొరుకుతుందని, అందుకే తాము ఇంకా ఈ ఆటలో ఉండగలుగుతున్నామని జీఏ అంటుంటాడు. స్పీకర్లో వినబడింది. "డిసెంబర్‌లోపు ఏదీ దొరక్కపోతే మా నాన్న షాపులో చేరతానన్నావు. గుర్తుందిగా?" ఆయన "గుర్తుంది" అన్నాడు. నేను కాఫీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్లిపోయాను.

రెండు కొత్త కుర్చీలు

ఆ లాబీలో ఆయనకి ఏ ఉద్యోగమూ రాలేదు. సోమవారం రాత్రి యూకాన్ టైటిల్ గెలిచింది. మంగళవారం తెల్లారుజామున స్లీపింగ్ బ్యాగు చుట్టుకుని వెళ్లిపోయాడు. నా ఫ్రిజ్ మీద ఓ కాగితం అంటించి ఉంది. 'ఇవాళ ఐదుగురికి ఫోన్ చెయ్యి. ఉద్యోగం అడక్కు. ఎలా ఉన్నావని అడుగు.'

చేశాను. మూడో ఫోన్ పాత కొలీగ్‌కి. రెండేళ్ల కిందట ఆవిడ కూతురికి జ్వరం వస్తే ఆమె ఆన్‌కాల్ డ్యూటీ రెండు రాత్రులు నేను చేశాను. నేను మర్చిపోయాను, ఆవిడ మర్చిపోలేదు. ఆవిడ రిఫరల్‌తోనే 41వ రోజున ఆఫర్ వచ్చింది. 57వ రోజున పిటిషన్ పడింది.

జీఏని కాపాడింది మాత్రం ఒక రూలు. ఎన్‌సీఏఏ 2023 జనవరిలో నిర్ణయించి, జూలై 1 నుంచి అమలు చేసింది. ముగ్గురు అసిస్టెంట్లకు తోడు ఇంకో ఇద్దరు కోర్టులో కోచింగ్ చెయ్యొచ్చు. రిక్రూటింగ్ కోసం బయటికి మాత్రం వెళ్లకూడదన్నది అప్పటి షరతు. ఒక్క రూల్ మార్పుతో దేశమంతా కొత్త కుర్చీలు పుట్టుకొచ్చాయి.

మే నెలాఖరున ఆయనకి ఫోన్ వచ్చింది. 2019లో మా టీములో వీడియో కోఆర్డినేటర్‌గా ఉన్నతను వేరే రాష్ట్రంలో అసిస్టెంట్ అయ్యాడు. వాళ్ల హెడ్ కోచ్ "ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే, "రాత్రి రెండింటికి పంపిన క్లిప్పుల్లో కూడా ఒక్క తప్పు లేని కుర్రాడు ఒకడున్నాడు" అని చెప్పాడట. జీతం పాతదానికన్నా తక్కువ. అయినా వెళ్లారు. ఆగస్టులో పాప అక్కడే పుట్టింది.

ఆ క్లిప్పుల్లో తప్పుల్లేకపోవడానికి నా 40 లైన్లూ కొంత కారణమని నేను గుర్తుచేశాను. "అందుకే మీ ఇంట్లో నేలమీద పడుకుని రుణం తీర్చుకున్నా" అన్నాడు.

మీలో ఎవరికైనా ఆసక్తి ఉంటే

అమెరికాకి ఎమ్మెస్‌కి వెళ్లేవాళ్లు రెస్టారెంట్, లైబ్రరీతో పాటు అథ్లెటిక్స్ డిపార్ట్‌మెంట్‌నీ అడగండి. టీము ఆపరేషన్స్ డైరెక్టర్‌కి మెయిల్ పెట్టండి. వీడియో, డేటా తెలిసిన విద్యార్థులు వాళ్లకి కావాలి. పెద్ద జీతం రాదు, టవళ్లు కూడా ఉతకాల్సి రావచ్చు. కాలేజీ బాస్కెట్‌బాల్ గణాంకాలకి ఇవాళ అందరూ చూసే రేటింగులు తయారుచేసిన కెన్ పొమెరాయ్ ఒకప్పుడు వృత్తిరీత్యా వాతావరణ శాస్త్రవేత్తగా ఉండేవాడు. సరదాగా మొదలుపెట్టాడు.

మన దగ్గరే కోచింగ్‌లోకి వెళ్లాలంటే పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా ఉంది. స్కూళ్లు, కాలేజీల్లో వ్యాయామ ఉపాధ్యాయులుగా వెళ్లడానికి బీపీఈడీ దారి ఉండనే ఉంది.

ఒక్కటి మాత్రం ముందే తెలుసుకోండి. బాగా పనిచేస్తే పైకొస్తామన్న హామీ ఆ నిచ్చెనలో లేదు. డస్టీ మే 2024లో మిషిగన్ లాంటి పెద్ద యూనివర్సిటీకి హెడ్ కోచ్‌గా వెళ్లాడు. ఆయనలాగే టవళ్లు మోసి, ఆయనలాగే ఊళ్లు మారి, 40 ఏళ్లకి ఇన్సూరెన్స్ అమ్ముకుంటున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ హ్యూస్టన్ లాబీలో అలాంటివాళ్లతోనూ మాట్లాడాను. మన పనిని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుంటారు. ఆ ఒకరు సరైన సమయానికి సరైన గదిలో ఉంటారా అన్నది మన చేతుల్లో లేదు.

ఇప్పుడు జీఏ రెండో అసిస్టెంట్. రిక్రూటింగ్ కూడా చేస్తాడు. మొన్న జూలైలో ఏదో జిమ్‌లోంచి ఫొటో పంపాడు. పది కోర్టులు, గోడవార కుర్చీలు, లోగో టీషర్టు. కింద మెసేజ్: "స్క్రిప్ట్ పాడైంది. ఎప్పుడు చూస్తావు?"

ఆ రాత్రే కూర్చున్నా. ఒక లైబ్రరీ వెర్షన్ మారింది, అంతే. సరిచేసి పంపేసరికి ఒంటిగంట దాటింది. ఆయన ఇంకా మేలుకునే ఉన్నాడు.